ఇల్లు లేని అరుగు

అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో గేటు పక్కన మాకిచ్చింది ఒక్కటే గది. అందులో మంచాన్ని నేను నెలకొక తీరుగా వేసేదాన్ని. ఒకసారి కిటికీ కిందికి, ఒకసారి పొయ్యికి ఎదురుగా, ఒకసారి తలుపుకు అడ్డంగా. ఎటు వేసినా రెండు రోజులకే మనసు ఒప్పేది కాదు. నా పెనిమిటి గేటు దగ్గర నుంచి చూసి నవ్వేవాడు.

"దానికి నాలుగు కాళ్లున్నయని నడిపిస్తనే ఉంటవా? జర నిలవడనియ్యే."

"మంచం మంచిగనే నిలవడ్డది. నాకే ఒక్కకాడ ఉండబుద్ధి అయితలేదు" అనేదాన్ని.

అప్పట్లో పట్నం దిక్కు కంప్యూటర్ ఆఫీసులు లేచిన కొద్దీ మా దిక్కు పొలాల చుట్టూ గోడలు లేచాయి. మొయినాబాద్ బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మునుపు జొన్న చేలు, గులాబీ తోటలు కనిపించేవి. తర్వాత గోడ, గేటు, మళ్లీ గోడ. మా సారు, మేడమ్ ఇద్దరివీ ఆ ఆఫీసు ఉద్యోగాలే. శనివారం పొద్దున కారు వచ్చేది, ఆదివారం పొద్దుగూకే దాకా ఉండేది. నా పెనిమిటి గేటు, చెట్లు చూసుకునేవాడు. నాది వంట. దాంతో ఆదివారం చర్చికి పోవడం తప్పిపోయింది. మొదట ఎప్పుడు తప్పిందో కూడా నాకు గుర్తుంది. సారు స్నేహితులకు బగారా అన్నం వండిన రోజు. గిన్నె అడుగంటింది, నేను ఏడ్చాను. మేడమ్ మాడు వాసనకు ఏడుస్తున్నాననుకుని, "పర్లేదమ్మా, ఎవరూ గుర్తుపట్టలేదు" అని ఓదార్చింది.

మా ఊరు చేవెళ్ల దాటిన తర్వాత, రోడ్డు మీదనే ఉంటుంది. మామ కాలం నాటి చేను ముక్కముక్కగా పోగా మాకు రోడ్డు పక్కన మూడు గుంటల జాగ మిగిలింది. తెల్లారితే ఆ దారిన చామంతి మూటలు, కూరగాయల గంపలు ఎత్తుకుని చేవెళ్ల మార్కెట్టుకు పోయేవాళ్లే. అక్కడ చిన్న ఇల్లు వేసుకోవాలని నా ఆశ. ఆ ఇల్లు ఎట్లా ఉండాలన్నది నా తలలో రోజుకొక తీరు మారేది. ఎందుకు కావాలన్నది మాత్రం ఒక్క రోజులో తేలిపోయింది.

ఆ రోజు ఆదివారం. లోపల సారు ఆఫీసు వాళ్లంతా ఉన్నారు. నేను పూరీలు వత్తుతున్నాను. మా చెల్లె చింతకాయ తొక్కు డబ్బా పట్టుకుని వచ్చి గేటు అవతల నిలబడింది. సారును అడగకుండా ఎవరినీ లోపలికి రానివ్వకూడదని కట్టడి. నా పెనిమిటి ఫోను చేశాడు. లోపల పాటల మోతలో ఎవరూ ఎత్తలేదు.

"జర ఆగు మరదలా, సారుకు చెప్పి తీస్త."

"ఏంది బావా, మా అక్క గంత పెద్దదయ్యిందా? దాని మొఖం చూడాల్నన్నా పైకెల్లి ఆర్డర్ రావాల్నా?"

నవ్వుతూనే అన్నదట. ఎండలో చాలాసేపు నిలబడి, బస్సు వచ్చే వేళయిందని డబ్బా గేటు స్తంభం దిమ్మె మీద పెట్టి పోయింది. నాకు తెలిసేసరికి దిమ్మె మీద డబ్బా మాత్రమే ఉన్నది. నా పెనిమిటి ఆ పూట అన్నం ముందు కూర్చుని తొక్కు ముట్టలేదు. "ఇంటి ఆడపిల్లను బయట నిలవెట్టిన" అన్నాడు. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా ఊరి చర్చి వాళ్లు బుధవారం సాయంత్రం ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. మా వంతు వచ్చినప్పుడల్లా పాస్టరయ్య మమ్మల్ని దాటేసి తర్వాతి ఇంటి పేరు చదివేవాడు. తప్పు ఆయనది కాదు. ఆ గేటులో నుంచి నలభై మందిని ఎట్లా తెస్తాడు? నా ఇంటికి మనిషి రావాలి, ఎవరినీ అడగకుండా రావాలి. నాకు కావాల్సింది అదే.

నాకేమో నోరు ఆగదు. మేడమ్ ఆదివారం పూట వంటింటి మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. ఆఫీసులో వారానికి ఐదు రోజులూ అద్దాల మధ్య ఉంటే ఊపిరాడదనేది. మీ ఊళ్లో ఇళ్లు ఎట్లా ఉంటాయి, నువ్వైతే ఎట్లా కట్టుకుంటావు అని అడిగేది. అడిగితే చాలు, నేను చెప్పేదాన్ని. గూన పెంకుల కప్పు. లోపల తాండూరు బండలు, ఎండాకాలం ఒట్టి నేల మీద పడుకోవచ్చు. రెండు రెక్కల దర్వాజ. గోడలో రెండు గూళ్లు, ఒకదాంట్లో బైబిలు, ఒకదాంట్లో ఉప్పు కుండ. వంటర్ర కిటికీ రోడ్డు దిక్కు, ఎసరు పెట్టుకుంటూనే ఎవరొస్తున్నారో కనిపించాలి. గిన్నెలు తోమిన నీళ్లు అరటి చెట్టుకు పోవాలి. ముందర అరుగు.

"అరుగు ఎంత ఎత్తు?" అని అడిగింది మేడమ్.

"నెత్తి మీద గంప ఉన్న మనిషి ఇంకొకరిని పిలవకుంట దించుకునేటంత, అమ్మా. ఎత్తుకునేటప్పుడు గూడ అంతే. జర వంగితే నెత్తికి అందాలె."

"ఇంకా?" అంటూ చిన్న పుస్తకంలో గీసుకునేది. నాకెందుకో ఆమె నా కోసమే గీస్తున్నదనిపించింది. అట్లని ఆమె ఎన్నడూ అనలేదు. ఇది నా పిచ్చి. నా పెనిమిటి కసురుకునేవాడు. "ఇల్లంత నోటితోనే ఒడగొడుతున్నవు. జర దాసుకో."

మరుసటి ఏడు ఆ ఫామ్‌హౌస్‌లో పాత బంగళా కూలగొట్టారు. మేస్త్రీ సుతిలి తాడు కట్టి, సున్నంతో ముగ్గు పోశాడు. నేను చాయ్ తీసుకుపోయి, గీతల మధ్య కాలు పెట్టి ఆగిపోయాను. ఇది దర్వాజ. ఇది పెద్దర్ర. ఎడమకు తిరిగితే వంటర్ర. ఎవరూ చెప్పకుండానే నాకు దారి తెలుస్తున్నది.

"మేస్త్రన్నా, ఆ మూలకు నీళ్లు పోయే తూము పెడుతున్నరా?"

"పెడుతున్నమక్కా. అరటి చెట్టు దిక్కే పోవాల్నట. నీకెవరు చెప్పిండ్రు?"

నేను చాయ్ పోసి గ్లాసు చేతికిచ్చాను.

గోడలు లేచాయి. అరుగు దగ్గర మేస్త్రీకి ఎత్తు కుదరలేదు. మోకాటి దాకా కట్టి, చాలదా అంటాడు. మేడమ్ నన్ను పిలిపించింది. "నువ్వే వచ్చి చూపించమ్మా" అన్నది. నేను మామిడికాయల గంప నెత్తిన పెట్టుకుని వాళ్ల ముందర నిలబడ్డాను. నా నడుము ఎత్తు చూసి మేస్త్రీ గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఎత్తు తప్పుగా కడుతుంటే చూస్తూ ఉండలేకపోయాను.

ఇల్లు పూర్తయ్యింది. మేడమ్ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. "చూడు, ఇది నీ ఇల్లే. నువ్వు చెప్పింది ఒక్కటి వదలకుండా కట్టించాను. ఎలా ఉంది?"

"మంచిగున్నదమ్మా" అన్నాను.

అబద్ధం కాదు, మంచిగానే ఉన్నది. నా బాధంతా అదే. గూట్లో బైబిలుకు బదులు సువాసన దీపం ఉన్నది, అంతే తేడా.

అప్పటి నుంచి నాకు నిలకడ లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ ఇల్లు ఊడ్చేదాన్ని, తుడిచేదాన్ని. తాళం తీస్తే నా ఇల్లు, వేస్తే వాళ్లది. మా మూడు గుంటల మీద అనుకున్న ఇంటిని తలలోనే మార్చడం మొదలుపెట్టాను. వంటర్రను వెనక్కి జరిపాను. దర్వాజను తూర్పు నుంచి తీసి ఉత్తరానికి పెట్టాను. పెంకులొద్దు, స్లాబు అనుకున్నాను. ఆ ఇంటిని పోలకుండా ఉండాలని నా ఇంటిని నేనే పాడు చేసుకుంటున్నాను. కూర మాడితే నా పెనిమిటి అనేవాడు, "ఇయ్యాల ఎన్ని గోడలు కూలగొట్టినవ్?"

అదే సమయంలో మా ఊళ్లో జాగల బేరగాడు వెంటపడ్డాడు. రోడ్డు ముక్క, అమ్మేయండి అని రోజూ ఫోను. నా పెనిమిటి మెత్తబడ్డాడు.

"ఇచ్చేద్దామే. ఇల్లు కట్టుడు మనతోని అయ్యేదేనా? మేడమ్ మనకు ఇంకో అర్ర ఏపిస్తనంటున్నది. ఈడనే ఉందాం."

ఒక్క అర్రకు ఇంకొక అర్ర. గేటు మాత్రం అదే గేటు. ఆ జాగ పోతే నేను చచ్చేదాకా గేటు లోపలి మనిషినే. నేను పోయి కొత్త ఇంటి అరుగు మీద కూర్చున్నాను. నడుము ఎత్తు సరిగ్గా కుదిరింది. పైన మేడమ్ పూలకుండీలు వరుసగా పెట్టింది. ఎదురుగా గడ్డి, గడ్డి అవతల పెద్ద గోడ. ఆ అరుగు మీద గంప దించుకోవడానికి ఆ గోడ దూకి ఎవరొస్తారు? నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. గదికి పోయి, "రేపు బుధవారం సెలవు అడుగు, మన జాగకు పోదాం" అన్నాను.

"పోయి?"

"అరుగు కడదాం."

"ఇల్లు లేకుంటనా?"

"ఇల్లు ఎనుక నుంచి వస్తది. వచ్చేటోళ్లు ముందుగాల కూసోవాలె గద."

 తిడతాడనుకున్నాను. "ఆ దినం నీ చెల్లె కూసుందామంటే గేటు బయట రాయి గూడ లేకుండె" అన్నాడు.

ఊళ్లో మేస్త్రీ మా మాట విని తట్ట కింద పెట్టి నవ్వాడు. "అక్కా, అల్లుడు లేకుంట పెండ్లి చేసినట్టున్నది నీ పని." నవ్వితే నవ్వాడు గానీ రాళ్లు పేర్చాడు. నా పెనిమిటి మట్టి తొక్కాడు. బండలు పరిచే ముందు ఎత్తు చూడాలంటే ఈసారి గంప ఎత్తుకుని ఆయనే నిలబడ్డాడు. ఆయన నాకంటే జానెడు పొడుగు. "నీ కొలతకు కడితే ఒంటెలొచ్చి కూసుంటయి" అని పక్కకు జరిపి నేనే నిలబడ్డాను.

మూడు బుధవారాలలో అరుగు లేచింది. వెనక ఉట్టి జాగ, తుమ్మ ముళ్లు. ఊరంతా నవ్వింది. నాలుగో బుధవారం మేము పోయేసరికి ఒకామె చామంతి మూట దానికి ఆనించి, ఎవరినీ పిలవకుండా దించుకుని, చెంగుతో మొఖం తుడుచుకుంటున్నది.

"ఎవరిదమ్మా గీ అరుగు?"

"మాదే. కూసో."

"మరి ఇల్లేది?"

నేను ముళ్లలో నడిచి చూపించాను. ఇది దర్వాజ, ఇటు పెద్దర్ర. వంటర్ర దగ్గర ఆగాను. రోడ్డు దిక్కే ఉండాలి. మేడమ్ కట్టించిన ఇంట్లోనూ అట్లాగే ఉంటే ఉండనీ, నాది నాకు కావాలి. అనుకున్నానో లేదో, కొంచెం పక్కకైతే గాలి బాగా వస్తుందేమో అనిపించింది. ఆ కొంచెం ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ సాయంత్రం ప్రార్థనకు పాస్టరయ్య ముందే మా పేరు చదివాడు. అరుగు మీద కొందరు, చాపల మీద కొందరు కూర్చున్నారు. మా చెల్లె అందరికంటే ముందు వచ్చి, "ఆర్డర్ లేకుంటనే వచ్చిన బావా" అని నా పెనిమిటిని ఏడిపించింది. ప్రార్థన అయిపోయి అందరూ లేస్తుండగా బేరగాడు బండి ఆపి, వచ్చి ఆ అరుగు మీదనే కూర్చున్నాడు. నేను నీళ్లిచ్చాను. తాగి, గొంతు సవరించుకుని, "ఏమన్నా, ఏమనుకున్నరు మరి?" అన్నాడు.

నా పెనిమిటి ఖాళీ చెంబు అందుకున్నాడు. "కూసో అన్నా, జర సేపు కూసో. కూసునేటందుకే కట్టినం. అమ్మేటందుకు కాదు."