నవ్వమని మైకిచ్చిన రోజు

నా చిన్నప్పుడు, సికింద్రాబాదులో ఏ సందు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనిపించే రోజుల్లో, మేము పద్మారావు నగర్‌లో ఉండేవాళ్లం. మా పక్కింటి అక్క వాళ్లది విజయనగరం వైపు. ఆమెకు కార్ఖానాలో ఒక ఆఫీసులో ఉద్యోగం. అమెరికా డాక్టర్లు చెప్పి పంపే మాటలను హెడ్‌ఫోన్‌లో విని, రోగుల రిపోర్టులు టైపు చేయాలి. అంత వేగంగా టైపు చేసే మనిషిని నేనప్పటికి చూడలేదు.

ఆ ఏడాది వాళ్ల నాన్నగారు గుండె ఆపరేషన్ అయిన మూడో రోజున పోయారు. దినాలు కాగానే అక్క పనిలోకి వెళ్లింది. ఆమె చేసేవి గుండె జబ్బుల రిపోర్టులే. రోజంతా ఎవరో ఒకరి తండ్రి ఆపరేషన్, ఎవరో ఒకరి తండ్రి చివరి గంట. తిండి తగ్గింది, చేతులు వణకసాగాయి.

"నాన్న పోయిన రోజునే రోజూ మళ్లీ వింటున్నట్టుంది అమ్మమ్మగారూ. కొన్నాళ్లు ఎముకల రిపోర్టులు ఇమ్మని మూడుసార్లు రాసిచ్చాను," అని మా అమ్మమ్మ దగ్గర ఏడ్చింది. మా అమ్మమ్మ మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి.

ఆ కాగితాలకు మేనేజరు జవాబివ్వలేదు. ఉద్యోగుల మానసిక ఉల్లాసం కోసమంటూ ఒక శనివారం మధ్యాహ్నం మాత్రం వేడుక పెట్టాడు. ఇంట్లోవాళ్లనూ తీసుకురమ్మన్నారు. అక్క వాళ్లమ్మ ఇంకా గడప దాటడం లేదు కాబట్టి అమ్మమ్మా నేనూ వెళ్లాం.

బెలూన్లు, కేకు, ఒత్తిడి తగ్గడానికి పిసుక్కునే రబ్బరు బంతులు. నాకు అవన్నీ తెగ నచ్చాయి. మేనేజరు అక్కను వేదిక మీదికి పిలిచి, తండ్రిని పోగొట్టుకున్న తనను ఆఫీసు ఎంత బాగా చూసుకుంటోందో చెప్పమని మైకిచ్చాడు. అక్క మైకు పట్టుకుని తల దించుకుంది. "స్మైల్ ప్లీజ్, ఫొటో!" అన్నాడతను. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కేకు నములుతూ "నవ్వక్కా!" అని అరిచాను.

అమ్మమ్మ లేచి నిలబడింది.

"బాబూ, ఈ పిల్ల పండగ చెయ్యమని అడగలేదు. పని మార్చమని అడిగింది. మూడుసార్లు రాసిచ్చింది. ఆ కాగితాలు ఏమయ్యాయి?"

"మేడమ్, అవి తర్వాత మాట్లాడదాం. ఇది ఫంక్షన్."

"తండ్రి పోయిన పిల్లను నిలబెట్టి చప్పట్లు కొట్టించడానికి తీరికుంది, కాగితం చదవడానికి లేదా?"

అక్క పక్క సీట్లో పనిచేసే బోయిగూడ ఆవిడ మెల్లగా లేచింది. "సార్, గా గుండె రిపోర్టులు నాకియ్యండ్రి. నా ఎముకలవి ఆమెకిస్తా. ఇన్నొద్దులు భయపడి చెప్పలే. తప్పు నాది సుత ఉంది."

అంతమంది ముందు మేనేజరు కాదనలేకపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను తలెత్తలేదు. అమ్మమ్మ నన్ను తిట్టలేదు. "కష్టంలో ఉన్నవాళ్లకు ఏం కావాలో మనం ఊహించకూడదమ్మా. వాళ్లనే అడగాలి. అడిగి ఊరుకోకూడదు, చెయ్యాలి," అంది.

సోమవారం నుంచి అక్కకు ఎముకల రిపోర్టులు వచ్చాయి. గురువారాలు అక్క ఆఫీసు నుంచి గంట ముందు బయల్దేరితే అమ్మమ్మ మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లేది. ఆ గంట పని బోయిగూడ ఆవిడే చూసుకునేది. మూడు నెలలకు వణుకు తగ్గింది, మనిషి తేరుకుంది. అయినా ఆ ఏడాది అక్కకు ప్రమోషన్ రాలేదు. 'ఒత్తిడి తట్టుకోలేదు' అని ఆమె ఫైల్లో రాశారు. బరువు నెత్తిన పెట్టింది వాళ్లు, బలహీనురాలన్న పేరు అక్కకు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్క ఆ ఉద్యోగం మానేసి ఇంకో ఆఫీసులో చేరింది.

ఇప్పుడు నా కింద పదకొండు మంది పనిచేస్తున్నారు. మానసిక ఆరోగ్య వారమని ఏటా పైనుంచి పోస్టర్లు వస్తాయి. నేను ఒక్కొక్కరి పక్కన కూర్చుని, "నీ పనిలో మోయలేనిది ఏది?" అని అడుగుతాను. చెప్పినదాన్ని ఆ వారంలోనే మారుస్తాను. ఎవరినడిగి మార్చావని పైవాళ్లు నిలదీస్తే, "మోసేవాళ్లనే అడిగి," అంటాను. నాలో ఆనాటి కోపం ఇంకా చల్లారలేదని నా గొంతు విని వాళ్లకూ తెలుస్తుంది.