భాయ్ సగంలో విడిచిన అతుకు

ఇనుప షెడ్లు కట్టేవాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఒక ముఠా మొదలుపెట్టిన అతుకును ఇంకొకరు ముట్టకూడదు. మొదలుపెట్టినవాడు చనిపోతేనో, వాడి ఇంటివాళ్లు నోరు తెరిచి మీరే కొట్టేయండంటేనో తప్ప ఎవరూ సుత్తె ఎత్తరు. అతుకు ఊడితే పోయేది కొట్టినవాడి పేరే కదా. మగవాళ్లు దీన్ని దేవుడి మాటలా పాటిస్తుంటే నాకు నవ్వొచ్చేది.

సికింద్రాబాదులో, మౌలాలి గుట్ట కనిపించే మైదానంలో ఒక సేటు గోదాము కట్టిస్తున్నాడు. మా ముఠాలో ముగ్గురం. నేను కొలిమి దగ్గర తిత్తి ఊది రివెట్లు ఎర్రగా కాల్చేదాన్ని. మా ఆయన వాటిని పట్టకారుతో అందుకుని రంధ్రంలో దూర్చి, వెనకనుంచి ఇనుపదిమ్మెతో అదిమి పట్టేవాడు. ముందునుంచి సుత్తెతో కొట్టి రివెట్టుకు తల కట్టేవాడు సాయిబు మేస్త్రి. మేము ఆయనను భాయ్ అనేవాళ్లం, ఆయన భార్యను వదిన అనేవాళ్లం. వదిన అక్కడే ఇటుకలు మోసేది. బన్సీలాల్‌పేటలో మా గుడిసె పక్కదే వాళ్ల గుడిసె. నా పప్పులో ఈత కొట్టొచ్చని భాయ్ గోడ అవతలినుంచే వేళాకోళం చేసేవాడు. ఎంత కోపం వచ్చినా, గిన్నెడు పప్పు అటు పంపకుండా ఉండలేకపోయేదాన్ని.

రజాకార్లు వాడలో తిరిగి వయసులో ఉన్న మగవాళ్లను తమతో రమ్మన్నప్పుడు భాయ్ పోలేదు. నా సుత్తె నాకు చాలన్నాడు. ఢిల్లీ ఫౌజు వస్తోందన్న పుకారు లేచాక మాత్రం, బీదర్ వైపు పల్లెలో ఒంటరిగా ఉన్న తల్లిని తెచ్చుకుంటానని బయల్దేరాడు. అప్పటికి గోదాము కప్పును మోసే దూలం ఒకటి స్తంభం మీదికి ఎక్కింది. ముందు బోల్టులతో బిగించి, తరవాత ఒక్కొక్క బోల్టూ తీసి ఆ రంధ్రంలో రివెట్టు కొట్టాలి. ఆ అతుకులో సగం బోల్టులు ఇంకా అలాగే ఉన్నాయి.

"గిది నేనొచ్చినంక కొడ్త. జెర ఆగుండ్రి," అన్నాడు పోతూ.

ఫౌజు వచ్చింది. సికింద్రాబాదు రోడ్ల మీద జనం ట్యాంకులకు దండలు వేశారు. మా వాడలో కొన్ని తలుపులు మాత్రం తెరుచుకోలేదు. వదిన గడపలోనే కూర్చుని దారి చూసింది. కొన్ని వారాలకు ఆ పల్లె పక్కనుంచి పారిపోయి వచ్చిన ముసలాయన ఒకడు, అక్కడి సాయిబుల ఇళ్లలో మగవాళ్లు మిగల్లేదని చెప్పాడు. భాయ్ ఊరు చేరాడని విన్నాడట, శవాన్ని మాత్రం చూడలేదట. ఆ చూడలేదన్న మాటనే వదిన పట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు, ఇళ్లు తగలబెట్టిన రజాకార్లు ఎక్కడెక్కడో దాక్కుంటే, ఆ పాపం తల్లికోసం పోయినవాడి మెడకు చుట్టుకుంది.

పని మళ్లీ షురూ అయింది. సుత్తె మా ఆయన చేతికి వచ్చింది, దిమ్మె పట్టడానికి కొత్త మనిషి దొరికాడు. అన్ని అతుకులూ పూర్తిచేశారు, భాయ్ అతుకు తప్ప. సేటు వేరే ముఠాను పిలిపించాడు. వాళ్లు సంగతి విని, ఇంటివాళ్లు చెప్పనిదే ముట్టమని వెళ్లిపోయారు. అంటే వదినను అడగాలి. ఎవరడుగుతారు? అడిగితే, నీ మొగుడు చచ్చాడని ఒప్పుకోమన్నట్టే. తట్ట దించినప్పుడల్లా వదిన ఆ బోల్టులకేసి చూసేది. అవి ఉన్నంతకాలం ఆయన కోసం పని ఆగి ఉందని ఆమె ధైర్యం. ఆ ధైర్యం చూస్తే నాకు భయం వేసేది.

సేటుకు ఇవేవీ పట్టలేదు. కప్పు మీద రేకులు వేయించడం మొదలుపెట్టాడు. బరువు పెరిగేకొద్దీ, గాలి వీచినప్పుడల్లా ఆ అతుకు కిర్రుమనేది. ఒక మధ్యాహ్నం బోల్టు ఒకటి ఊడి వదిన తట్ట పక్కన పడింది. పైన రేకులు బిగిస్తున్నవాళ్లు దూలాన్ని కరుచుకుని కదలకుండా ఉండిపోయారు. మా ఆయన వాళ్లను ఒక్కొక్కరినే జాగ్రత్తగా దింపాడు. దింపాక వదిన ముఖం చూడలేకపోయాడు.

వదినే ఆ బోల్టు తీసుకుని ఆయన దగ్గరికి వచ్చింది.

"కొట్టేయ్ అన్నా," అంది. "ఆయన చేసిన పని కింద ఎవ్వలు సావొద్దు."

"రేపు ఆయనొస్తే నేనేం జెప్పాలె?" అన్నాడు మా ఆయన.

"రాడు."

ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. దూలానికి కింద ఊతకర్రలు పెట్టించి, మా ఆయన నిచ్చెన ఎక్కాడు. నేను కొలిమి రాజేశాను. కాల్చిన రివెట్టు పైకి అందించిన ప్రతిసారీ, మేమే ఆ మనిషిని మట్టి చేస్తున్నామనిపించి ఏడ్చాను. వదిన ఏడవలేదు. కింద నిలబడి చివరి దెబ్బ దాకా విన్నది.

అతుకు చల్లారాక ఆమె మెడలోని నల్లపూసల లచ్చ విప్పింది. సాయిబుల ఇళ్లలో పెనిమిటి ఉన్న ఆడది వేసుకునే లచ్చ అది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, రేకులవాళ్లవైపు తిరిగింది.

"ఇగ ఏం గాదు, ఎక్కుండ్రి," అంది.