కోసేసిన తలుపు సీను

నిన్న మా మేనకోడలు ఫోన్‌లో దెయ్యం సినిమా పెట్టుకుని, మొదటి సీను మరీ సాగదీస్తున్నారని ముందుకు జరిపేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

నా చిన్నప్పుడు ద్రాక్షారామం దగ్గర ఒక పాక సినిమా హాల్లో మా నాన్న ప్రొజెక్టరు ఆపరేటరు. మిషను గదిలో వెలుగు కోసం కాల్చే కార్బన్ కడ్డీల వాసన, తెర కనబడేలా గోడకున్న చిన్న కంత మీలో కొందరికైనా గుర్తుండాలి. ఒక మ్యాట్నీకి నాన్న నన్ను స్టూలెక్కించి, ఆ కంతలోంచి దెయ్యం సినిమా మొదలు చూపించారు. మూసిన తలుపు, దాని వైపు మెల్లగా జరిగే కెమెరా. మ్యూజిక్కే లేదు.

"ఏంటి నాన్నా, సౌండ్ పోయిందా?"

"పోలేదమ్మా, కావాలనే ఆపారు. తలుపు వెనకాల ఏముందో ఇప్పుడు నువ్వే ఊహించుకుంటావు."

నిజంగానే నేను నాన్న చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

మర్నాడు హాలు ఓనరు వచ్చి, "జనం విసుగెత్తి ఈలలేస్తున్నారు, ఆ తలుపు ముక్క కోసెయ్యవయ్యా" అన్నాడు.

"అది కోస్తే ఇక భయం పుట్టదండి" అన్నారు నాన్న.

ఓనరు ఇంకొకడి చేత కోయించాడు. ఆ రోజు మ్యాట్నీలో దెయ్యం కనబడగానే హాలంతా నవ్వింది. నాన్న అప్పుడే పని మానేశారు. చనిపోయేదాకా మళ్లీ ఏ హాల్లోనూ అడుగుపెట్టలేదు.

నవ్వినవాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకేం తెలుసు? ఆ ఓనరుకి మాత్రం నాన్న చెప్పారు. తెలిసే కోయించాడు.