బోసి మెడతో ఆలూరుకు

ఆలూరులో మా ఇంటికి చేరి, పెట్టె దించి మొహం కడుక్కోవడానికి వంగానో లేదో, అమ్మ నా మెడ చూసేసింది. నేను పసిగుడ్డుగా ఉన్నప్పుడు గురువు కట్టిన లింగం అక్కడ లేదు. మాది జంగమయ్యల ఇల్లు. లింగం ఒంటిమీద లేకుండా గుక్కెడు నీళ్లు కూడా ముట్టం. నాన్నయితే ఎంత జ్వరంలోనైనా పూజ చేయందే మందు మింగడు.

అంతకుముందు ఏడు, కర్నూలులో టీచరు ట్రైనింగులో ఉండగా నాకు టైఫాయిడ్ వచ్చింది. ఆసుపత్రిలో నర్సు లింగం విప్పి తలగడ కింద పెట్టింది. పక్క మంచం ముసలావిడ గంజి తాగించింది. ఏ కులమో నేను అడగలేదు. లేచి తిరిగాక మళ్లీ కట్టుకుని రోజూ పూజకు కూర్చున్నాను. దేవుడి మీద కోపమేమీ లేదు. ఎదురుగా ఎవరూ ఉన్నట్టు అనిపించలేదు, అంతే. పత్తికొండ బడిలో ఉద్యోగం వచ్చాక, ఇక నటించడం నా వల్ల కాక తీసేశాను.

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె నాకంటే గట్టిది. లింగం పోగొట్టుకున్నవాళ్లకు ఒక దారి ఉంది: ఉపవాసముంటే మఠం నుంచి గురువు వచ్చి కొత్తది కడతాడు. కావాలని తీసేసినవాళ్లకు ఆ దారి లేదు, వాళ్లిక మనవాళ్లు కారు. బస్సులో ఎక్కడో జారిపోయిందని చెప్పమని నా చెవిలో పోరింది. నేను నోరు విప్పేలోపే వెళ్లి నాన్నకు ఆ మాట చెప్పేసింది కూడా.

నాన్న వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"పోయిందా, నువ్వే తీసేసినావా?"

ఒక్క అబద్ధంతో ఇల్లు నాకు మిగిలేది. నాకు నాన్న కావాలి, కానీ అబద్ధమాడి దక్కించుకున్న నాన్న వద్దు. పొగరనుకుంటే అనుకోండి.

"నేనే తీసేసినా నాయనా. పెట్టెలో ఉండాది. నాకు నమ్మకం లేదు."

అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న ఆ లింగాన్ని నన్నడిగి తెప్పించుకుని, రెండు చేతులా అందుకుని లోపలికి వెళ్లిపోయాడు. నేను సాయంత్రం బస్సుకు బయల్దేరాను. ఏడవకూడదనుకున్నాను గానీ బస్సు ఆగేచోటి దాకా దారంతా ఏడ్చాను.

బస్సు కోసం నిలబడి ఉంటే నాన్న వచ్చాడు. అన్నం మీద లింగం లేనివాళ్ల చూపు పడితే ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోతాడు. ఇకమీదట ఆ చూపు నాది కూడా.

"దసరాకు రామ్మా. నువ్వు పంచలో తినాల్సొస్తాది" అన్నాడు. "నేను ముందే తినేసొస్తా. నీకు నేనే వడ్డిస్తా."