పచ్చ అంటే పచ్చే

ఆకాశంలో తిరిగే ఉపగ్రహాన్ని అబద్ధాలకోరును చేసిన మనిషిని మీరు చూసి ఉండరు. నేనే. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను గానీ, నోరు పుట్టుకతోనే వచ్చింది. కొంప ముంచిందీ అదే.

అప్పట్లో మేము దేశం దాటి వచ్చి ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. మా స్నేహితురాలి కూతురు మేఘన వేరే ఊళ్ళో ఎమ్మెస్ చదివేది. పుట్టింది, పెరిగింది ఈ దేశంలోనే, తెలుగు అంతంతమాత్రం. ఆ ఏడు వాన చుక్క లేదు. చదువు కోసం తను ఉపగ్రహం ఫొటోలతో తయారుచేసిన మ్యాప్‌లో మా ఇంటి వెనక వాగు పక్క చెట్లు ఎండుతున్నట్టు పడిందట. నిజమేనా అని ఎవరైనా కళ్ళతో చూసి చెప్పాలి. మ్యాప్ తప్పయితే పిల్ల ఏడాది పని మళ్ళీ మొదటికి. నాకు ఫోన్ చేసింది. నా పాతకాలం మడత ఫోన్‌కు మాటలు తప్ప ఫొటోలు రావు.

"ఆంటీ, ఆ ట్రీస్ ఎలా ఉంది?"

"పచ్చగా ఉన్నాయే."

"షూరా? మ్యాప్‌లో డ్రై అని ఉంది."

"ఎండితే మోడులై ఉండవూ? కామెర్లొచ్చినట్టు పచ్చగా ఉన్నాయి."

కామెర్లంటే ఏదో గొప్ప పచ్చదనం అనుకుంది కాబోలు. "సో మ్యాప్ రాంగ్," అని ఏడుపు గొంతుతో ఫోన్ పెట్టేసింది. పప్పులో కాలేసిన సంగతి తెలియక, నేను పప్పులో పోపు వేసుకున్నాను.

రెండ్రోజులకు మేఘన వచ్చింది. నమ్మలేక వాళ్ళ ప్రొఫెసర్ కూడా వెంట వచ్చాడు. వాగు దగ్గర చెట్లన్నీ నలుగు పెట్టించుకున్న పెళ్ళికూతుళ్ళలా నిలబడి ఉన్నాయి.

"ఆంటీ, గ్రీన్ అన్నారు కదా."

"గ్రీన్ అని నేనెప్పుడన్నానే? పచ్చ అన్నాను."

"పచ్చ అంటే గ్రీనే."

"మాగిన నిమ్మకాయ ఏ రంగు?"

"యెల్లో."

"దాన్నీ పచ్చ అనే అంటాం."

"మరి లీఫ్?"

"అదీ పచ్చే."

పిల్ల తల పట్టుకుని ప్రొఫెసర్‌కు ఇంగ్లీషులో విడమరిచింది. ఆయన చెట్లను చూశాడు, నన్ను చూశాడు, ఏదో అన్నాడు.

"ఏమంటాడే?"

"బతికే చెట్టుకి, చచ్చే చెట్టుకి ఒకటే వర్డ్ అయితే మీ ఊళ్ళో ఫార్మింగ్ ఎలా చేశారు అంటున్నారు."

"పొలానికి వెళ్ళి చూసుకునేవాళ్ళం, ఫోన్లో అడిగేవాళ్ళం కాదని చెప్పు."

ఆయన పడీ పడీ నవ్వాడు. మ్యాప్ నిజమని తేలింది, మేఘన ఏడాది నిలిచింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మా వాగు దగ్గర కామెర్లు చెట్లకు, చీవాట్లు నాకు.

ఆ వాగు సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఎవరు చెట్టు రంగు అడిగినా ఆకు తెంపి, కవర్లో పెట్టి, పోస్టులో పంపుతాను. నోరు మాత్రం విప్పను.