పసుపు సంచిలోకి జారిన యాభై నాలుగు కిలోమీటర్లు

ఇంజిన్ లేని గ్లైడర్‌లో ఒంటరిగా యాభై కిలోమీటర్లు దాటితే ఒక బ్యాడ్జీ ఇస్తారు. రెండేళ్లుగా దాని వెంట పడ్డాను. నిరుడు నలభై ఎనిమిది దగ్గర దిగిపోయి, వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఈసారి మార్చిలో ఒక ఆదివారం, కామారెడ్డి దగ్గర మా క్లబ్బు వాడుకునే రన్‌వే నుంచి పన్నెండున్నరకు బయల్దేరి, మూడు నలభైకి బోధన్ ఇవతల మక్కలు కోసేసిన చేనులో దిగాను. ఎంత దూరం వచ్చానో నేను చెబితే చెల్లదు. ఎక్కడున్నాం, ఎంత ఎత్తులో ఉన్నాం అని కొన్ని సెకన్లకోసారి రాసుకునే జీపీఎస్ రికార్డర్ చెప్పాలి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఎగరకముందే క్లబ్బు పరిశీలకుడు దానికి సీలు అంటించి సంతకం పెడతాడు. ఆ సీలు చిరిగితే ఎగిరినదంతా వృథా.

ఆ చేను గంగారాం అనే రైతుది. కోప్పడతాడేమో అనుకున్నాను. "పానం మంచిగున్నదా అక్కా? ముందుగాల నీళ్లు తాగుండ్రి" అన్నాడు. గ్లైడర్ మోసుకెళ్లే ట్రైలర్‌తో మా క్లబ్బు స్నేహితురాలు వచ్చాక, విప్పిన రెక్కల కింద వేయడానికి ఖాళీ గోనె సంచులు కూడా తెచ్చిచ్చాడు. స్నేహితురాలు గ్లైడర్ తీసుకుని వెనక్కి వెళ్లింది. ఒళ్లు హూనమైన నేను బోధన్‌లో ఆరు వందల లాడ్జి గదిలో పడుకున్నాను. వేడినీళ్లు కావాలంటే ఏడు లోపే లేవాలి, గుర్తుంచుకోండి.

పొద్దున్నే పరిశీలకుడి ఫోన్. "రికార్డర్ జాగ్రత్తగా తెస్తున్నారు కదా?" బ్యాగు మంచం మీద కుమ్మరించాను. లేదు. స్నేహితురాలు వెతికితే గ్లైడర్‌లోనూ లేదు. అప్పుడు వెలిగింది: రెక్క పట్టుకోవడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చి, రికార్డర్‌ను మడత పెట్టిన సంచుల మధ్య పెట్టాను. గంగారాం అన్నకు ఫోన్ చేశాను.

"అయ్యో! ఆ సంచులల్లనే చీకటితోని పసుపు నింపి నిజామాబాద్ యార్డుకు తోలిన. మా తమ్ముడు పోయిండు. జల్ది పోండ్రి అక్కా, కుప్ప పోసినంక ఎవలకు దొరుకుతదో ఏమో!"

బోధన్ నుంచి నిజామాబాద్‌కు బస్సులు తరచుగా ఉంటాయి, ముప్పావు గంట ప్రయాణం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. మగవాళ్లు యాభై రూపాయలు దగ్గర పెట్టుకుంటే చాలు. ఆ రోజు మాత్రం ముందు చెరుకు ట్రాక్టర్లు వరుసకట్టి గంటంబావు పట్టింది. నా తెలివితక్కువతనాన్ని దారి పొడుగునా తిట్టుకున్నాను. బస్టాండు నుంచి గంజ్‌లోని మార్కెట్ యార్డుకు ఆటోలో ముప్పై రూపాయలు.

యార్డులో ఎటు చూసినా పసుపు కుప్పలే. ముక్కులోనూ పసుపే. గంగారాం తమ్ముడు చెయ్యి చూపించిన వైపు పరుగెత్తాను. అక్కడ కమీషన్ దుకాణం గుమాస్తా ఒక చేత్తో నా రికార్డర్, ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డాడు. పచ్చ లైటు ఇంకా మినుకుమంటోంది.

"మీదా మేడం? తేమ సూసే కొత్త మీటర్ అనుకున్న. పసుపు కొమ్ము ఏడ వెట్టాల్నో తెలుస్తలేదు. ఇప్పి సూద్దామంటే గీ నర్సయ్య ఇప్పనిస్తలేడు."

నర్సయ్య ఆ దుకాణంలో సంచులు తూచే పెద్దాయన. స్క్రూడ్రైవర్ ఉన్న గుమాస్తా చెయ్యిని ఆయన ఇంకా వదల్లేదు. "సీలున్నది గద సార్! నా కాంటాకు సీలు తెగితే జుర్మానా పడ్తది. సీలు లేని కాంటాను ఏ రైతు నమ్ముతడు? గిది గూడ దేన్నో తూసేదే అయ్యుంటది."

"దూరాన్ని తూస్తుందన్నా" అన్నాను. ఆయన దాన్ని తువ్వాలతో తుడిచి నా చేతిలో పెట్టాడు. సీలు మీద సంతకం చెక్కుచెదరలేదు. నలుగురిలో ఏడ్చేశాను, ఏమీ సిగ్గనిపించలేదు.

మధ్యాహ్నానికి కామారెడ్డి చేరాను. పరిశీలకుడు సీలును అటూ ఇటూ తిప్పి చూసి, రికార్డర్‌ను కంప్యూటర్‌కు తగిలించాడు. తెర మీద గీత సుడులు తిరుగుతూ వచ్చి మక్క చేనులో ఆగింది. యాభై నాలుగు కిలోమీటర్లు. గీత అక్కడితో అయిపోలేదు. "రాత్రంతా పడుకుని, తెల్లారి ట్రాలీలో పసుపు అమ్మడానికి పోయిన గ్లైడర్‌ను ఇప్పుడే చూస్తున్నాను" అంటూ సంతకం పెట్టాడు. గుండెల మీంచి పెద్ద బరువు దిగింది.

ఇన్నాళ్లూ ఈ సీళ్లూ సంతకాలూ చూస్తే నాకు చిరాకు. ఎగిరిన మనిషి మాట నమ్మరా అని విసుక్కునేదాన్ని. నర్సయ్యకు సంచి ఎత్తి చూస్తే చాలు, బరువు తెలిసిపోతుందట. అయినా ప్రతి సంచినీ కాంటా మీద పెట్టి, అంకె రైతుకు చూపించాకే దించుతాడు. అదంతా ఆయనకు చిన్నతనంగా తోచలేదు. నాకెందుకు తోచిందో మరి.

మీరూ ఇటువైపు ఎగరబోతుంటే ఒక్క మాట: రికార్డర్ మీద సీలుకు తగలకుండా మీ ఫోన్ నంబరు రాయండి. దాని కింద పెద్ద తెలుగు అక్షరాల్లో "ఇది తేమ మీటరు కాదు" అని కూడా రాయండి. ప్రతి దుకాణంలోనూ నర్సయ్య ఉండడు.