తొట్టిలో నీళ్లు కదిలిన శనివారం

కొండలకు వేళ్లు పెట్టినవాడు, మన అరికాళ్ల కింద ఎక్కడో లోతున నిప్పును దాచి, దాని పైన చల్లటి నేలను పరిచినవాడు, ఆ నేల మీద మనల్ని రోజూ పడుకోబెట్టి రోజూ లేపుతున్నవాడు, ఆయనకే స్తోత్రం. ఈ నాలుగు మాటలు రాసే ఊపిరి కూడా ఆయన ఇచ్చిందే.

మా నాన్న నెల్లిమర్లలో జనపనార మిల్లులో ముప్పై ఏళ్లు మగ్గం నడిపి రిటైరయ్యాడు. అమ్మ బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. పెళ్లయినప్పటి నుంచి నాన్న ప్రతి ఆదివారం ఆమెతో మందిరానికి వచ్చేవాడు గానీ, గుమ్మం పక్కన ఆఖరి బెంచీ దాటి ముందుకు రాలేదు. బాప్తిస్మం తీసుకోలేదు. మా సంఘంలో బాప్తిస్మం లేనివారు ప్రభువు బల్లలో, అంటే ఆయన జ్ఞాపకంగా పంచే రొట్టెలో, చేయి వేయరు. నెలకోసారి రొట్టె పళ్లెం బెంచీ వెంట చేతులు మారుతూ వచ్చేది. నాన్న దాన్ని రెండు చేతులా అందుకుని, ఏమీ తీసుకోకుండా, ఒక్క ముక్క రాలిపోకుండా పక్కవాళ్లకు ఇచ్చేవాడు. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ తల తిప్పి చూసేది. చూసి, మళ్లీ కళ్లు మూసుకునేది.

ఎందుకు తీసుకోవని అడిగితే, "మీ దేవుడు నన్నింకా పిలవలేదే" అనేవాడు నవ్వుతూ. ఎప్పుడూ మీ దేవుడే.

నేపాల్‌లో భూమి కంపించిన ఆ శనివారం నాటికి నేను విజయనగరంలో హైస్కూలు సోషల్ టీచర్‌ని. వేసవి సెలవులకు ఇంటికి వచ్చాను. మర్నాడు నలుగురికి బాప్తిస్మం ఉందని అమ్మా నేనూ మందిరం తుడవడానికి వెళ్లాం. వేదిక మీద చెక్కలు లేపితే కింద బాప్తిస్మానికి మునిగే సిమెంటు తొట్టి ఉంటుంది. పైపుతో నీళ్లు పట్టే పని నాన్నది. బాప్తిస్మం లేకపోయినా ఆ పని ఏళ్ల తరబడి ఆయనే చేసేవాడు.

మధ్యాహ్నం కావస్తోంది. కిటికీలోంచి పడ్డ ఎండ తొట్టి నీళ్ల మీద నుంచి కప్పుకు ఎగిరి, అక్కడ వెలుగుతో అల్లిన వలలా నిలిచింది. పైపు చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను చీపురు పట్టుకుని ఆ వలనే చూస్తున్నాను. చూస్తుండగానే అది మెల్లగా పక్కకు జరిగింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఆపేసిన ఫ్యాన్లు ఊగాయి. నాకు కళ్లు తిరుగుతున్నాయనుకున్నాను.

"బూకంపం! బయటికి రండే!" అని సంఘ పెద్ద అరిచాడు. ఆయన నాన్నకు వరసకు బావమరిది. మోకాళ్ల నొప్పుల అమ్మను పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే నాన్న రాలేదు. వట్టి కాళ్లతో, చేతిలో పైపుతో తొట్టి అంచున నిలబడి నీళ్లకేసి చూస్తున్నాడు. పెదాలు కదిలినట్టనిపించింది.

కాసేపటికి తాపీగా బయటికి వచ్చి మందిరం ముందు మాతో పాటు నిలబడ్డ పాస్టరు అయ్యగారి ముందు ఆగాడు.

"అయ్యగారూ, రేపు నన్ను కూడా దింపీండి."

అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒరే బావా!" అన్నాడు సంఘ పెద్ద. "ముప్పయ్యేళ్లు మేం నెట్టినా కదల్లేదు. ఆకరికి బూమి కదిలితే గానీ కదల్లేదేటిరా!"

అందరం నవ్వాం. తర్వాత ఆయనే నవ్వడం ఆపి, భయంతో అడిగింది మారుమనసు కాదని పట్టుబట్టాడు. బైబిల్లో భూకంపానికి చెరసాల పునాదులు అదిరిన రాత్రే ఆ చెరసాల అధికారి ఇంటిల్లిపాదీ బాప్తిస్మం పొందలేదా అని అయ్యగారు గుర్తు చేశారు. గుహ దగ్గర నిలబడ్డ ప్రవక్తకు దేవుడు భూకంపంలో కనపడలేదు గదా, తర్వాత వచ్చిన చిన్న స్వరంలోనే గదా అన్నాడు పెద్ద. రెండూ లేఖనాలే. చివరికి అయ్యగారు, "రేపు సంఘం ముందు సాక్ష్యం చెప్పనీండి. అది విని నిర్ణయిద్దాం" అన్నారు.

ఇంటికొచ్చి టీవీ పెడితే తెలిసింది, నేపాల్. కూలిన ఇళ్లు, దుమ్ము. అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది.

"నువ్వేటీ సెప్పకు. ఆ మడిసి ఇన్నాళ్లకి కదిలేడు. నీ పాటం నీ బళ్లో సెప్పుకో."

నాకూ ఆయన చేతిలో ఆ రొట్టె ముక్క చూడాలనే ఉంది. కానీ దేవుడు తన కోసమే భూమిని ఊపాడనుకుని నీళ్లలో దిగితే, ఆ నమ్మకం ఎన్నాళ్లు నిలుస్తుంది?

సాయంత్రం అరుగు మీద మామిడిపండు కోస్తుంటే నాన్నే అడిగాడు.

"ఏటే టీచరమ్మా, ఇళ్లు అక్కడ పడిపోతే మన తొట్టిలో నీళ్లెందుకు కదిలేయి?"

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడకుండా, చేతిలో ఉన్న పండుతోనే చెప్పాను. మనం ఉండేది ఈ తొక్క మీద. భూమికి ఈ తొక్క ఇంకా పల్చన. అదీ ఒకే ముక్క కాదు, పలకలు పలకలుగా ఉంటుంది. మన దేశం ఉన్న పలక ఉత్తరానికి నెడుతూనే ఉంది, అందుకే హిమాలయాలు లేచాయి. నెట్టి నెట్టి ఒకచోట జారితే భూకంపం. ఆ అదురు అలలుగా రాళ్లలోంచి ఇక్కడిదాకా వస్తుంది. తొక్క కింద గుజ్జు ఉన్నచోట రాయే, కానీ లక్షల ఏళ్లలో మెల్లగా జరిగే వేడి రాయి. టెంక ఉన్నచోట కరిగిన ఇనుము, లోపలి జీడి ఉన్నచోట మళ్లీ గట్టి ఇనుము.

"ఎవుడెళ్లి సూసేడు?"

"ఎవరూ వెళ్లలేదు నాన్నా. భూకంపాల అలలు విని తెలుసుకున్నారు. కొన్ని అలలు కరిగినదాన్ని దాటలేవు. ఎక్కడ ఆగాయో, ఎక్కడ వంగాయో లెక్క కట్టారు."

నాన్న ముఖం వెలిగింది. "మేం సేసిందీ అదే కదే! మిల్లు హోరులో సెవులు పని సెయ్యవు. ఏ వరసలో మగ్గం ఆగిందో అరికాలికే తెలుస్తాది." తన పాదాలకేసి చాలాసేపు చూసుకున్నాడు.

"మరి రేపు..." అన్నాను.

"రేపు సెప్తాను" అని టెంక అందుకున్నాడు. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆదివారం నాన్న ఆఖరి బెంచీ నుంచి లేచి ముందుకు నడిచాడు. ఆ నడవ అంత పొడుగని నాకు అంతకుముందు తెలియదు.

"అది నేపాల్లో జారిన బూమి అని మా అమ్మాయి సెప్పింది" అన్నాడు. "నిజమే. నా కోసం కదల్లేదు. నేను బయపడనూ లేదు, ముప్పయ్యేళ్లు ఊగే నేల మీద నిలబడ్డోణ్ణి. నేల ఊగితే మిల్లు నడుస్తన్నాదని అర్తం, ఎవుడో నడుపుతున్నాడని అర్తం. నిన్న తొట్టి కాడ నిలబడితే అదే గురుతొచ్చింది. నా నోట్లోంచి 'తండ్రీ' అని మాటొచ్చీసింది. నేను అనలేదు, అదే వచ్చింది. ఇన్నాళ్లూ ఈళ్ల దేవుడు ఈళ్ల దేవుడు అన్నాను. ఇంక అనలేను. అంతే."

ఒప్పుకునేవారు చేతులెత్తండి అన్నారు అయ్యగారు. మొదట చేయి ఎత్తింది సంఘ పెద్దే.

తెల్ల బట్టల్లో నాన్న తొట్టిలోకి దిగాడు. నడుము లోతు నీళ్లలో నిలబడి, "ఒక్క నిమిషం అయ్యగారూ" అని కళ్లు మూసుకున్నాడు. "తండ్రీ, మా కాడికి ఇది నీళ్లలో అలగా వచ్చింది. ఆళ్ల మీద గోడలై పడింది. మట్టి కింద ఇంకా ఊపిరున్నోళ్లని తీయించు. పోయినోళ్ల పిల్లల్ని నువ్వే సూసుకో." అప్పుడు మునిగాడు. కప్పు మీది వెలుగు వల చెదిరి మళ్లీ అల్లుకుంది.

తర్వాతి నెల పళ్లెం వచ్చినప్పుడు అమ్మ తల తిప్పి చూడలేదు. కళ్లు మూసుకునే ఉంది, చెంపలు తడిగా ఉన్నాయి.

ఒకచోట సమాధులైన అల మరోచోట మా నాన్నకు పిలుపు ఎలా అయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియనిచోట ప్రార్థించమనే నాకు నేర్పారు. అందుకే, ఇది చదువుతున్నవారా, చెప్పులుంటే విప్పండి. అరికాళ్లు నేలకు ఆనించండి. ఈ పల్చటి తొక్క మీద ఈ పూట ఎక్కడ ఎవరి గోడ ఊగుతోందో వాళ్ల కోసం, నాతో కలిసి ఒక్కసారి తండ్రీ అనండి.